వేడి నీళ్ల కింద కూర్చుంటేనే వాంతులు తగ్గుతున్నాయంటే...

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా తమ్ముడికి 26 ఏళ్లు. రెండేళ్లుగా రెండు మూడు నెలలకోసారి విపరీతమైన వాంతులతో మంచం పడుతున్నాడు. తెల్లవారుజామున కడుపులో తిప్పడంతో మొదలవుతుంది. తిన్నదంతా పోయి, పసరు పడి, చివరికి ఏమీ రాక ఉత్తి డోకులే మిగులుతాయి. రెండు మూడు రోజులు మంచినీళ్లు కూడా నిలవవు. సెలైన్ ఎక్కిస్తే కాస్త తేరుకుంటాడు. ఎండోస్కోపీ, స్కానింగ్, రక్తపరీక్షలు అన్నీ చేయించాం, ఏమీ తేలలేదు. గ్యాస్ట్రిక్ అని ఒకరన్నారు, టెన్షన్ వల్ల అని ఇంకొకరన్నారు. వాంతులు మొదలైతే వాడు బాత్‌రూమ్‌లో గంటల తరబడి వేడి నీళ్ల షవర్ కింద కూర్చుంటాడు. వీపంతా కమిలిపోయింది. ఈమధ్య ఏడుస్తూ నాతో ఒక విషయం చెప్పాడు. కాలేజీ రోజుల నుంచి గంజాయి తాగుతున్నాడట, నాలుగైదేళ్లుగా రోజూ ఉండాల్సిందేనట. పైగా ఈ వాంతులకు అదే మందు, క్యాన్సర్ రోగులకు కూడా ఇస్తారు అని వాదిస్తున్నాడు. ఏ డాక్టరుకీ ఈ సంగతి చెప్పలేదు. అమ్మానాన్నలకు చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడు. గంజాయికీ ఈ వాంతులకీ నిజంగా సంబంధం ఉందా? నేనేం చేయాలి?
– ఒక అక్క

జవాబు: అమ్మా, సంబంధం ఉండే అవకాశం చాలా ఎక్కువ. మీ ఉత్తరంలో గంజాయి మాట దాకా రాకముందే, వేడి నీళ్ల షవర్ దగ్గరే నాకు అనుమానం మొదలైంది. ఏళ్ల తరబడి గంజాయి ఎక్కువగా వాడేవాళ్లలో కొందరికి విడతలు విడతలుగా విపరీతమైన వాంతులు పట్టుకునే జబ్బు ఒకటుంది. దాన్ని కన్నాబినాయిడ్ హైపర్‌ఎమెసిస్ సిండ్రోమ్ అంటారు, పొట్టిగా సీహెచ్ఎస్. మీరు రాసిన లక్షణాలు దానికి బాగా సరిపోతున్నాయి. మనిషిని ఎదురుగా చూడకుండా ఇదే జబ్బు అని నేను తేల్చి చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మొదట మాట్లాడాల్సింది దీని గురించే.

గంజాయిని మనుషులు వేల ఏళ్లుగా వాడుతున్నా ఈ జబ్బును వైద్యులు గుర్తించింది ఈమధ్యనే. 2004లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ కొండ ప్రాంతంలో పనిచేసే డాక్టర్ అలెన్ బృందం, పదేపదే వాంతులతో ఆసుపత్రిలో చేరుతున్న కొందరి వివరాలను ‘గట్’ అనే వైద్య పత్రికలో ప్రచురించింది. వాళ్లందరికీ ఏళ్ల నాటి గంజాయి అలవాటు ఉంది. దాదాపు అందరూ వాంతుల సమయంలో వేడి నీళ్ల స్నానం వదల్లేకపోయేవారు. గంజాయి మానేసినవాళ్లకు వాంతులు ఆగిపోయాయి. అలా కోలుకున్నవాళ్లలో కొందరు మళ్లీ మొదలుపెడితే వాంతులూ తిరగబెట్టాయి. ఆ తర్వాత 2012లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు 98 మంది రోగుల సమాచారాన్ని పరిశీలించారు. అందులో స్నానం సంగతి నమోదై ఉన్న 57 మందిలో 52 మంది వేడి నీళ్లతో ఉపశమనం కలుగుతోందని చెప్పారు. ఇంత స్పష్టమైన ఆనవాలు ఉన్నా, ఎంతోమందికి అసలు కారణం తెలియడానికి ఏళ్లు పడుతోంది. ఎందుకంటే రోగి గంజాయి మాట ఎత్తడు, డాక్టరు స్నానం గురించి అడగడు.

పరీక్షలన్నీ మామూలుగా వచ్చాయని మీరు కంగారు పడుతున్నారు. ఈ జబ్బులో అలాగే వస్తాయి. పేగులో పుండు ఉండదు, గడ్డ ఉండదు, అడ్డంకి ఉండదు. తేడా వచ్చింది వాంతిని అదుపు చేసే వ్యవస్థలో. అది స్కానింగ్‌లో కనిపించేది కాదు. అలాగని ఆ పరీక్షలు వృథా అనుకోకండి. పిత్తాశయంలో రాళ్లు, క్లోమం వాపు, పేగు మూసుకుపోవడం, అదుపు తప్పిన షుగర్, మెదడులో ఒత్తిడి పెరగడం, ఆడవాళ్లలో అయితే గర్భం, ఇవన్నీ ఇలాంటి వాంతులకు కారణాలే. అవి లేవని తేలాకే సీహెచ్ఎస్ అనే మాటకు బలం వస్తుంది. గంజాయి తాగేవాడికి వాంతులైతే అది గంజాయి వల్లే అని చూడకుండా ముద్ర వేసి పంపించడం కూడా తప్పే. అలాంటివాడికీ అపెండిసైటిస్ రావచ్చు.

ఇక మీ తమ్ముడి వాదన. అతను అబద్ధం చెప్పడం లేదు. గంజాయిలో మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే రసాయనానికి వికారాన్ని అణచే గుణం ఉంది. కీమోథెరపీ తీసుకునేవాళ్ల వాంతులకు డ్రోనబినాల్, నాబిలోన్ అనే మందులను అమెరికాలో 1985లోనే అనుమతించారు. అవి టీహెచ్‌సీ తరహా మందులే. కాబట్టి మొదట్లో అతనికి గంజాయితో కడుపు తేలికపడి ఉంటుంది, ఇప్పటికీ కొన్నిసార్లు పడుతూ ఉండవచ్చు. అతను వదిలేస్తున్నది మోతాదు, కాలం. డాక్టరు కొలిచి కొన్నాళ్లు ఇచ్చే మందు వేరు, ఏళ్ల తరబడి రోజూ ఒంట్లో పేరుకునే టీహెచ్‌సీ వేరు.

శాస్త్రవేత్తలు ఇచ్చే వివరణ ఇలా ఉంటుంది. మెదడులోనూ, పేగుల నరాల్లోనూ సీబీ1 అనే గ్రాహకాలు, అంటే రసాయన సంకేతాలను అందుకునే భాగాలు ఉంటాయి. టీహెచ్‌సీ వాటికి అతుక్కుని పనిచేస్తుంది. మెదడులో అది వికారాన్ని తగ్గిస్తుంది, పొట్టలో మాత్రం తిన్నది కిందికి జారడాన్ని మందగింపజేస్తుంది. ఎప్పుడో ఒకసారి అయితే మెదడు వైపు పని గెలుస్తుంది. రోజూ తలుపు బాదుతూ ఉంటే లోపలివాళ్లు పలకడం మానేసినట్టు, అదేపనిగా టీహెచ్‌సీ తగులుతుంటే ఆ గ్రాహకాలు స్పందించడం తగ్గిస్తాయి. వాంతిని ఆపే పట్టు సడలిపోతుంది. పైగా టీహెచ్‌సీ కొవ్వులో నిల్వ ఉంటుంది. రోజూ వాడినవాళ్ల మూత్రంలో మానేసిన కొన్ని వారాల దాకా దాని జాడ కనిపించేది అందుకే.

వేడి నీళ్ల సంగతి కూడా చెప్పాలి. ఎందుకంటే దీన్ని ఇంట్లోవాళ్లు పిచ్చి అనో, నాటకం అనో కొట్టిపారేస్తుంటారు. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికీ, మిరపకాయలోని మంటకు కారణమైన కాప్సైసిన్‌కీ స్పందించే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం మన చర్మంలోనూ పేగుల్లోనూ ఉంటుంది. చర్మం మీద దాన్ని గట్టిగా ప్రేరేపిస్తే వికారపు సంకేతాలు కాసేపు వెనక్కి తగ్గుతాయని భావిస్తున్నారు. నీళ్ల కింద ఉన్నంతసేపే ఆ హాయి. బయటికి రాగానే మళ్లీ మొదలు. అందుకే మీ తమ్ముడు గంటలు గంటలు అక్కడే ఉండిపోతున్నాడు. అది అతని శరీరం వెతుక్కున్న ఉపశమనం, దానికోసం అతన్ని తిట్టకండి. కానీ ప్రమాదం మాత్రం ఉంది. వాంతులతో నీరు పోయిన ఒంట్లోంచి చెమట రూపంలో ఇంకా నీరు పోతుంది. బీపీ పడిపోయి బాత్‌రూమ్‌లో కళ్లు తిరిగి పడవచ్చు. బాధలో వేడి తెలియక చర్మం కాలుతుంది. అతని వీపు మీద మీరు చూసింది అదే. కాబట్టి లోపల గడియ పెట్టుకోనివ్వకండి. నీళ్ల వేడి ఎంతుందో మీరు చేయి పెట్టి చూడండి. కాసేపటికోసారి పలకరిస్తూ ఉండండి. గంజాయి అలవాటు లేకుండానే విడతలుగా వాంతులయ్యే సైక్లిక్ వామిటింగ్ సిండ్రోమ్ అనే జబ్బులో కూడా కొందరు ఇలా వేడి నీళ్లను ఆశ్రయిస్తారు. అందుకే స్నానం ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం.

ఈ జబ్బు ఒక్కసారిగా ఊడిపడదు. వాంతులు మొదలు కావడానికి ముందు నెలలు, ఒక్కోసారి ఏళ్ల పాటు పొద్దున్నే వికారం, కడుపులో అదోలా ఉండటం, ఎక్కడ వాంతి అవుతుందోనన్న భయం ఉంటాయి. తిండి మాత్రం సాగిపోతూ ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఈ దశలోనే చాలామంది వికారానికి మందుగా గంజాయి మోతాదు పెంచుతారు. అతన్ని నెమ్మదిగా అడిగి చూడండి, ఇలాంటి పొద్దుటి పూటలు గుర్తుకొస్తాయేమో. తర్వాత వాంతుల దశ. గంటకు నాలుగైదు సార్లు కూడా అవుతాయి, కడుపునొప్పి ఉంటుంది, బరువు తగ్గుతారు. గంజాయి ఆగితే కోలుకునే దశ వస్తుంది. ఆకలి వేస్తుంది, బరువు పెరుగుతుంది, వేడి నీళ్ల అవసరం ఉండదు. అప్పుడు చాలామంది ఇక తగ్గిపోయిందనుకుని మళ్లీ మొదలుపెడతారు. కొన్ని వారాలో నెలలో ఏమీ కాదు. అందువల్ల తర్వాత వచ్చే వాంతులకూ గంజాయికీ ముడి ఉందని తోచదు. మీ తమ్ముడికి రెండు మూడు నెలల ఎడం వస్తోందన్నారు కదా, ఆ ఎడమే అతన్ని మోసం చేస్తోంది.

ఈసారి వాంతులు మొదలైనప్పుడు ఇంట్లో చేయగలిగింది కొద్దిగానే ఉంటుంది. ఓఆర్‌ఎస్ చెంచాడు చెంచాడుగా పట్టి చూడండి. నిలవకపోతే ఇంట్లోనే కూర్చోవద్దు. మూత్రం బాగా తగ్గి ముదురు రంగులో వస్తున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, కండరాలు పట్టేస్తున్నా, గుండె దడదడలాడుతున్నా, మనిషి అయోమయంగా మాట్లాడుతున్నా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. వాంతిలో రక్తం పడినా, గట్టిగా వాంతి అయ్యాక ఛాతీలో హఠాత్తుగా భరించలేని నొప్పి వచ్చినా అన్నవాహిక చీరుకుపోయి ఉండవచ్చు, క్షణం ఆలస్యం చేయకూడదు. జ్వరం, కడుపు రాయిలా గట్టిపడటం, తీవ్రమైన తలనొప్పి ఉంటే అది వేరే జబ్బు కావచ్చు. సీహెచ్ఎస్ వాంతుల వల్ల కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లున్నారు. పొటాషియం పడిపోయి గుండె లయ తప్పినవాళ్లున్నారు. అరుదుగా అయినా మరణాలు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మామూలు వాంతులే కదా, అవే తగ్గుతాయిలే అనుకునే జబ్బు కాదిది. (చిన్న విషయమే అయినా చెబుతున్నాను: వాంతి అయిన వెంటనే పళ్లు తోముకోవద్దని చెప్పండి. ఆమ్లంతో మెత్తబడిన ఎనామిల్ అరిగిపోతుంది. నీళ్లతో పుక్కిలించి, కాసేపాగి తోముకోవాలి.)

ఆసుపత్రిలో డాక్టరుకు నిజం తెలిస్తే వైద్యమే మారిపోతుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. సాధారణంగా వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ ఈ జబ్బులో చాలాసార్లు సరిగా పనిచేయదు. హాలోపెరిడాల్, డ్రోపెరిడాల్ లాంటి వేరే రకం మందులు ఎక్కువగా ఉపయోగపడుతున్నాయి. హాలోపెరిడాల్‌ను ఆన్‌డాన్‌సెట్రాన్‌తో పోల్చి కెనడాలో చేసిన ఒక చిన్న ట్రయల్ 2021లో ప్రచురితమైంది, అందులో హాలోపెరిడాల్ మెరుగ్గా పనిచేసింది. ఈ మందుల్లో కొన్ని గుండె లయపై ప్రభావం చూపుతాయి కాబట్టి ఈసీజీ, పొటాషియం చూసి ఆసుపత్రిలోనే ఇవ్వాలి. బయట కొని ఇంట్లో వేసే మందులు కావు. కాప్సైసిన్ క్రీమును పొట్ట మీద రాయడం మరో పద్ధతి. వేడి నీళ్లు చేసే పనినే అది కాలిన గాయాల భయం లేకుండా చేస్తుంది. కమిలిన చర్మం మీద మాత్రం రాయకూడదు, రాసిన చేతులు కళ్లకు తగలకూడదు. ఇక కడుపునొప్పికి మార్ఫిన్, ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ (నల్లమందు తరహా) ఇంజెక్షన్లు అడగకండి. అవి పేగుల కదలికను ఇంకా మందగింపజేసి వికారాన్ని పెంచుతాయి, అలవాటుగా కూడా మారతాయి. గంజాయి సంగతి తెలియని డాక్టరు, నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని చూసి అవే రాసే ప్రమాదం ఉంది.

డాక్టరుకు చెప్పడానికి పెద్ద ఉపోద్ఘాతం అక్కర్లేదు. ‘ఇన్నేళ్లుగా రోజూ గంజాయి వాడుతున్నాను, ఇన్ని నెలలకోసారి ఇలా అవుతుంది, వేడి నీళ్లతో తగ్గుతుంది, సీహెచ్ఎస్ ఏమో చూడండి’ అంటే చాలు. అతను మాట్లాడే స్థితిలో లేకపోతే మీరు చెప్పండి. ఏ రూపంలో వాడుతున్నాడో కూడా చెప్పాలి. పొగగా పీల్చినా, వేప్ చేసినా, తినే పదార్థాల్లో కలుపుకున్నా, భంగుగా తాగినా, గంజాయి నుంచి తీసే హాష్ ఆయిల్ వాడినా అన్నిట్లో ఉండేది టీహెచ్‌సీయే. పొగ మానేసి తినే రూపానికి మారితే జబ్బు తగ్గదు. కృత్రిమంగా తయారుచేసే సింథటిక్ రకాలతోనూ ఈ వాంతులు వచ్చాయి. ఈ కాలపు గంజాయి ఒకప్పటి గంజాయి కాదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. అమెరికాలో పట్టుబడిన నమూనాల్లో 1995లో సగటున 4 శాతం దాకా ఉన్న టీహెచ్‌సీ ఇప్పుడు 15 శాతం దాటింది.

ఇక్కడి నుంచి కొంతసేపు మీ తమ్ముడితో మాట్లాడతాను. ఈ భాగం అతనికి చదివి వినిపించండి.

బాబూ, నిన్ను నిందించడానికి ఈ మాటలు రాయడం లేదు. నువ్వు పడుతున్న బాధ ఎంతటిదో నాకు తెలుసు. మూడు రోజులు గుటకెడు నీళ్లు నిలవకపోతే మనిషికి చావే నయమనిపిస్తుంది. నీ ఫ్రెండ్స్ నీకంటే ఎక్కువ తాగుతారనీ, వాళ్లకేమీ కాలేదనీ అంటావు. నిజమే కావచ్చు. గంజాయి ఎక్కువగా వాడే అందరికీ ఇది రాదు. వచ్చినవాడికి మాత్రం గంజాయి ఆగనిదే ఇది ఆగదు. ఇంతకాలం ఏమీ కాలేదు కదా, ఇప్పుడెందుకవుతుంది అని కూడా నీకు అనిపిస్తుంది. ఈ జబ్బు స్వభావమే అది. కనీసం ఏడాదికి పైగా, ఎక్కువమందిలో చాలా ఏళ్లు వాడాకే బయటపడుతుంది.

ఒకసారి నాలుగు రోజులు మానేశాను, అప్పుడే ఎక్కువ వాంతులయ్యాయి అని నువ్వు అనవచ్చు. మానేసినప్పుడు కొంత వికారం ఉంటుంది, అది గంజాయి ఆగినప్పటి తిప్పలే. కానీ నీ వాంతుల విడతలు నువ్వు రోజూ తాగుతున్న రోజుల్లోనే మొదలయ్యాయి కదా. కొవ్వులో దాగిన టీహెచ్‌సీ బయటికి పోవడానికి వారాలు పడుతుంది కాబట్టి, మానేసిన తొలి రోజుల్లో ఒక విడత వాంతులు వచ్చినా మానడం వృథా అయిందనుకోకు. తగ్గించుకుంటే సరిపోదా అని అడుగుతావు. సరిపోదు. ఈ జబ్బు ఒకసారి వచ్చాక కొద్దిగా వాడినా మళ్లీ తిరగబెట్టే ప్రమాదం ఉంది. వారానికి ఒకసారి, పార్టీకి ఒకసారి అనే లెక్కలు పెట్టుకోవద్దు.

మానేసిన మొదటి వారం కష్టంగానే ఉంటుంది, దాచడం ఎందుకు. ఒకటి రెండు రోజుల్లో చిరాకు, ఆందోళన, నిద్రపట్టకపోవడం, ఆకలి లేకపోవడం, చెమటలు మొదలవుతాయి. మొదటి వారంలోనే అవి తీవ్రంగా ఉంటాయి, రెండు మూడు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతాయి. నిద్ర, పిచ్చి పిచ్చి కలలు మాత్రం ఇంకొన్నాళ్లు వేధిస్తాయి. ఇందులో ప్రాణానికి ప్రమాదం ఉండదు. నిద్ర కోసం మద్యం తాగడం, ఎవరో ఇచ్చిన నిద్రమాత్రలు వేసుకోవడం మాత్రం చేయకు. గంజాయిని పొగాకుతో కలిపి తాగేవాడివైతే నికోటిన్ కోసం కూడా ఒళ్లు పీకుతుంది. ఆ సంగతి డాక్టరుకు చెబితే దానికి వేరే మందులున్నాయి. గంజాయి మాన్పించే ప్రత్యేకమైన మాత్ర ఇప్పటిదాకా లేదు. కౌన్సెలింగ్‌తో, ముఖ్యంగా ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీతో చాలామంది బయటపడుతున్నారు. నిద్ర కోసమో, భయాలు తగ్గడానికో, మనసులో ఏదో మర్చిపోవడానికో తాగడం మొదలుపెట్టి ఉంటే, దానికి విడిగా వైద్యం కావాలి. అది వదిలేసి గంజాయి ఒక్కటీ మాన్పించబోతే నిలవదు. సైకియాట్రిస్టును కలువు. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తే ఆ క్షణమే అక్కతో చెప్పు, ఆ రోజే డాక్టరును చూడు.

అమ్మా, మళ్లీ మీ దగ్గరికి. ఒట్టు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ ఒట్టు డాక్టరుకు వర్తించదు. అతనికి స్పృహ తప్పినప్పుడు, కిడ్నీలు దెబ్బతింటున్నప్పుడు మీరు నోరు మూసుకుని కూర్చుంటే అది మాట నిలబెట్టుకోవడం కాదు. ఈ సంగతి అతనికి ఇప్పుడే, బాగున్న రోజుల్లోనే చెప్పేయండి: ‘ఆసుపత్రికి వెళ్తే డాక్టరుకు నేను చెప్పేస్తాను, నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.’ ముందే చెబితే అది నమ్మకద్రోహం అవదు. చెబితే పోలీసుల దాకా వెళ్తుందేమోనని చాలామంది భయపడతారు. డాక్టరు ఆ ప్రశ్న అడిగేది వైద్యం కోసం. కావాలంటే గదిలో మిగతావాళ్లను బయటికి పంపమని అడిగి, ఏకాంతంగా మాట్లాడండి.

అమ్మానాన్నల సంగతి వేరు. అతను 26 ఏళ్లవాడు. తన నోటితో తానే చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. మీరు పక్కన కూర్చుంటానని చెప్పండి. ముందు డాక్టరును కలిసి, జబ్బు ఏమిటో తెలిశాక చెబితే ఇంట్లో ఆ మాటలు వేరేగా ఉంటాయి. ‘మీ అబ్బాయి గంజాయి తాగుతున్నాడు’ అని వినడం ఒకటి, ‘నాకు ఈ జబ్బు ఉంది, దీనికి ఇదీ కారణం, మానేస్తున్నాను, సాయం చేయండి’ అని కొడుకే చెప్పడం ఇంకొకటి. మరీ ఎక్కువ రోజులు వాయిదా వేయనివ్వకండి. రెండు మూడు రోజుల వాంతులను కళ్లారా చూస్తున్న తల్లిదండ్రులు ఏ క్యాన్సరో ఏమోనని భయపడుతూ ఉంటారు. వాళ్లను ఆ భయంలోనే ఉంచేయడం న్యాయం కాదు. చెప్పాక నాన్నగారు కోప్పడితే కోప్పడనివ్వండి. కానీ జేబులు వెతకడం, ఫోన్ లాక్కోవడం, గదిలో పెట్టి తాళం వేయడం లాంటివి జరగకుండా మీరు అడ్డం పడాలి. అవమానపడ్డ మనిషి దాచుకోవడం నేర్చుకుంటాడు, దాచుకున్నప్పుడు మళ్లీ జబ్బుపడినా చెప్పడు.

ఒకవేళ మళ్లీ తాగితే? చాలామంది మొదటిసారే పూర్తిగా మానలేరు. అలా జరిగితే అన్నీ అయిపోయాయని తిట్టిపోయకండి. ఎప్పుడు తాగాడు, తర్వాత ఎన్ని రోజులకు వికారం మొదలైంది అన్నది ఒక పుస్తకంలో రాసి ఉంచండి. గంజాయికీ వాంతులకీ మధ్య ముడి అతనికి మాటల్లో నచ్చకపోవచ్చు, తన సొంత తేదీల్లో కనిపిస్తే కాదనలేడు. మానేసిన రోజు, బరువు, ఆకలి, వేడి నీళ్ల స్నానం ఎంతసేపు చేశాడన్నది కూడా రాయండి. డాక్టరుకు ఈ పుస్తకం ఎండోస్కోపీ రిపోర్టు కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఎన్నాళ్లకు తగ్గిందని నమ్మవచ్చో మీరు అడగలేదు, కానీ ఆ ప్రశ్న వస్తుంది. వాంతులు కొన్ని రోజుల్లోనే ఆగవచ్చు. అయితే నెల రోజులు బాగుంటే చాలదు, ఎందుకంటే అతనికి మామూలుగానే రెండు మూడు నెలల ఎడం ఉంటోంది. కనీసం ఆరు నెలలు, లేదా అతనికి ఇంతకుముందు వచ్చిన లెక్కన మూడు విడతలు రావాల్సినంత కాలం గంజాయి లేకుండా గడిచి, వాంతులు రాకపోతే అప్పుడు కారణం అదేనని ఖాయంగా అనుకోవచ్చు. మీ తమ్ముడి లెక్కలో అది ఆరు నుంచి తొమ్మిది నెలలు. నిజంగా అంతకాలం పూర్తిగా మానేసినా వాంతులు వస్తూనే ఉంటే మాత్రం ఇంకా దాచిపెట్టి తాగుతున్నాడని అనుమానించే ముందు గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు మళ్లీ చూపించండి. అది సైక్లిక్ వామిటింగ్ సిండ్రోమ్ అయి ఉండవచ్చు. దానికి అమిట్రిప్టిలిన్ లాంటి మందులు రోజూ వాడితే విడతల మధ్య ఎడం పెరుగుతుంది. కొన్నిసార్లు సీహెచ్ఎస్‌లో కూడా మానేసే తొలి నెలల్లో డాక్టర్లు దాన్ని తోడుగా ఇస్తారు, కాబట్టి మొదటి విజిట్‌లోనే దాని గురించి అడగండి.